సినిమా చూసి నాలుగు మాటలు – 4వ పాఠం: గంజాయి లారీ దగ్గర కాసేపు ఆగుదాం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. సూపర్, బాలేదు, ల్యాగ్, పైసా వసూల్ – ఈ నాలుగు మాటలు ముట్టకుండా ఏదైనా సినిమా గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. రాసినవాళ్లకి చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో గుర్తుండే ఉంటుంది. రాయనివాళ్లు ముందు అది కానిచ్చి రండి, ఈసారి అక్కడినుంచే మొదలు.

ఈ పాఠానికి సరుకు మొన్న శనివారం బెంగళూరులోనే దొరికింది. మడివాళలో సెకండ్ షో చూసి బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. డ్రగ్స్ ముఠాని వెంటాడే పోలీసు కథ. పేరు చెప్పను. చెబితే మీరు పాఠం వదిలేసి ఆ హీరో గురించి వాదనకి దిగుతారు. సైకిల్‌కి ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మే అబ్బాయి దగ్గర నలుగురం నిలబడ్డాం: నేను, ఒంగోలు నుంచి వచ్చిన మా రూమ్మేట్, మా పెద్దమ్మ కూతురు, మాతోపాటే సినిమా చూసిన మదనపల్లె క్యాబ్ డ్రైవరన్న.

"ఎలివేషన్లు పీక్స్ మామా. సెకండాఫే ల్యాగ్" అన్నాడు రూమ్మేట్.

"చాలా రియల్‌గా తీశాడు. పోలీసులంటే ఇలా ఉండాలి" అంది అక్క.

డ్రైవరన్న టీ ఊదుకుంటూ, "ఆ లారీలో లోడు లేదు సార్" అన్నాడు.

మొదటి రెండూ రివ్యూల్లా వినిపిస్తాయి. కానీ నాకు పనికొచ్చింది మూడోది. కథ ప్రకారం లారీలో ఉల్లిపాయ బస్తాల కింద రెండు టన్నుల గంజాయి ఉంది. విశాఖ ఏజెన్సీలో బయల్దేరి చిత్తూరు, కోలారు మీదుగా బెంగళూరు వస్తుంది. "లోడు ఎక్కితే వెనక కమాన్ కట్టలు అణిగిపోతాయి సార్. అందులో విల్లులా వంగే ఉన్నాయి. ఘాట్‌లో కూడా ఖాళీ బండి లాగే ఎక్కేసింది." కమాన్ కట్టలంటే లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీలు. ఏ సీను, ఏం కనిపించింది, అది తప్పని ఆయనకెలా తెలుసు – మూడూ ఆ మాటల్లోనే ఉన్నాయి. సినిమా బాగుందా లేదా అని మాత్రం ఆయన చెప్పలేదు. అడిగితే "నాకు నచ్చింది సార్" అన్నాడు!

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పనిముట్టు ఇదే. ఏ అభిప్రాయం విన్నా, మీరే రాసినా, రెండు ప్రశ్నలు వేయండి: ఎక్కడ? నీకెలా తెలుసు?

రూమ్మేట్‌ని అడిగాను, ల్యాగ్ ఎక్కడ అని. "మొత్తం" అన్నాడు. ఫోన్ మొదటిసారి ఎప్పుడు తీశావు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "హీరో కూతురి బర్త్‌డే సీన్లో" అన్నాడు. దొరికింది. గోడౌన్ మీద రెయిడ్‌కి టైమ్ దగ్గరపడుతుంటే సినిమా వెళ్లి కేకు దగ్గర కూర్చుంది. ఇప్పుడు వాక్యం ఇలా రాయొచ్చు: "రెయిడ్‌కి గంట టైమ్ ఉందని టెన్షన్ పెట్టి, మధ్యలో కేకు కోయించారు. నేను ఫోన్ తీసింది అక్కడే." ల్యాగ్ అన్న మాట లేదు, ల్యాగ్ మాత్రం కనిపిస్తోంది.

అక్క మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి. పోలీసు సినిమాల మీద జనం ఎక్కువగా వాడేదీ, తక్కువగా చూసుకునేదీ "రియల్‌గా ఉంది" అన్న మాటే. ఇంటికొచ్చాక చట్టం ముందు పెట్టుకుని నాలుగు సీన్లు సరిచూశాను.

సరుకు ప్యాకెట్‌ని చాకుతో చీల్చి, హీరో తెల్ల పొడి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటాడు. హాల్లో ఈలలు. నిజంగా అయితే టెస్టింగ్ కిట్ తీస్తారు. కోబాల్ట్ థయోసయనేట్ ద్రావణంలో కొకైన్ పడితే నీలం రంగు వస్తుంది. ఆ తర్వాత శాంపిల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్తుంది. ముక్కూమొహం తెలియని పొడిని నాకే ఆఫీసర్‌ని నేనైతే ఆ ఉద్యోగంలో ఉంచను.

మనిషి ఒళ్లు తడిమి సరుకు ప్యాకెట్లు తీసే సీను ఇంకోటి. డ్రగ్స్ కేసులకి వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, కావాలంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని ముందే ఆ మనిషికి చెప్పాలి. చేతిలో సంచి వెతకడానికి ఇది వర్తించదు, ఒంటి సోదాకే. సినిమాలో చెప్పలేదు. అసలు కోర్టులో ఇలాంటి చోటే కేసు జారిపోవచ్చు.

లారీతో దొరికిన విలన్ సాయంత్రానికి బెయిల్ మీద కారెక్కుతాడు. గంజాయి 20 కిలోలు దాటితేనే అది వాణిజ్య పరిమాణం. 10 నుంచి 20 ఏళ్ల జైలు ఉన్న నేరం. అలాంటి కేసులో 37వ సెక్షన్ అడ్డం ఉంటుంది. ప్రాసిక్యూటర్ కాదంటే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికెళ్లి మళ్లీ చేయడని జడ్జికి అనిపించాలి. రెండు టన్నులకి సాయంత్రం లోపు బెయిలంటే, కథలో జడ్జి గురించి కూడా ఒక సీను పడాల్సింది.

ఇక క్లైమాక్స్. హీరో విలన్‌ని చితక్కొట్టి, నేరం ఒప్పుకుంటుంటే వీడియో తీస్తాడు. కేసు క్లోజ్. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్నది పాత సంగతే. ఈ చట్టం కింద పనిచేసే మిగతా శాఖల అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలుకీ అదే వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తేల్చింది. అంటే మనం చప్పట్లు కొట్టిన ఆ వీడియోతో విలన్‌ని లోపల వేయలేరు.

ఇదంతా అక్కకి చెబితే, "అయితే నా అభిప్రాయం తప్పా?" అంది. కాదు. ఆమెకి రియల్‌గా అనిపించింది వేరే సీను. డ్యూటీలో రెండు రాత్రులు నిద్రలేని కానిస్టేబుల్, జీపులో కూర్చునే బూట్లు విప్పి వాచిన పాదాలు నొక్కుకుంటాడు. అక్క నర్సు, నైట్ డ్యూటీలు చేస్తుంది. ఆ పాదాలు ఆమెకి తెలుసు. ఇక ఇలా రాసుకుంది: "కేసు నడిపిన తీరు నమ్మలేదు. ఆ కానిస్టేబుల్ పాదాలు నమ్మాను, నైట్ డ్యూటీ దిగాక నావీ అలాగే ఉంటాయి." నాలుగు సీన్లు సరిచూసిన నా పేజీ కంటే ఇది మంచి రివ్యూ. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

ఒక జాగ్రత్త. తప్పులు పట్టడం అలవాటైతే ఆగబుద్ధి కాదు. కథకి తగలని తప్పు వదిలేయండి. లారీ కమాన్లు తగలవు, ఒప్పుకోలు వీడియో తగులుతుంది, ఎందుకంటే ముగింపు మొత్తం దాని మీదే నిలబెట్టారు. ఎవరు చనిపోయారో, లోపలి ద్రోహి ఎవరో మాత్రం రాయకండి.

ఈ వారం పని: సరుకు పట్టుబడే సీను ఉన్న సినిమా ఏదైనా ఒకటి చూడండి. ఆ ఒక్క సీను మీదే ఆరు వాక్యాలు. అందులో రెండు మీ ఉద్యోగం వల్ల మీ కంటికి మాత్రమే కనిపించినవి కావాలి. ఫార్మసీలో చేసేవాళ్లు మాత్రల స్ట్రిప్పులు చూడండి, అకౌంట్స్ వాళ్లు డబ్బు కట్టలు చూడండి. ఆ తర్వాత ఇంకో పని చేసే మనిషికి అదే సీను చూపించి, వాళ్లన్నది ఉన్నదున్నట్టు కింద రాసుకోండి.

5వ పాఠంలో డబ్బింగ్ సినిమాల సంగతి. పెదవులు తమిళం, మాట తెలుగు. హెడ్‌ఫోన్స్ దగ్గర పెట్టుకుని రండి.