టొరంటో చుట్టుపక్కల పిల్లల్ని ఐస్ హాకీలో చేర్చాలంటే

మిస్సిసాగా, బ్రాంప్టన్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది బడులు తెరిచాక, సెప్టెంబరులో, హాకీ గురించి వాకబు చేస్తారు. అప్పటికి చాలా క్లబ్బుల్లో హౌస్ లీగ్ (క్లబ్బులోపలే ఆడుకునే మొదటి మెట్టు) సీట్లు నిండిపోతాయి. రిజిస్ట్రేషన్ వేసవిలోనే చేయించండి. రెప్ టీముల (క్లబ్బు తరఫున బయట పోటీలకెళ్లే జట్లు) ట్రైఅవుట్లైతే, అంటే ఎంపిక ఆటలైతే, అంతకంటే ముందే, వసంతంలో అయిపోతాయి.

వయసు లెక్క పుట్టిన సంవత్సరంతోనే. సీజన్ మొదలైన ఏడాది డిసెంబరు 31 నాటికి 7 గానీ 8 గానీ నిండితే యు9, అంటే తొమ్మిదేళ్లలోపు గుంపు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపు కాబట్టి, ఏడాది చివర పుట్టిన పిల్లలు ట్రైఅవుట్లలో వెనకబడితే కంగారుపడక్కర్లేదు. అరీనాలో పెద్దవాళ్లు ఇంకా నావిస్, ఆటమ్, పీవీ అంటూనే ఉంటారు. అవి ఈ వయసు గుంపులకు 2020కి ముందున్న పేర్లు.

ఆట స్థాయిలు ఇవి: హౌస్ లీగ్, దానిపైన సెలెక్ట్ (హౌస్ లీగ్ నుంచి ఏరిన జట్లు), ఆపైన రెప్‌లో ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. 1911లో పుట్టిన జీటీహెచ్‌ఎల్ (గ్రేటర్ టొరంటో హాకీ లీగ్) ఈ రెప్ హాకీకి పెద్ద దిక్కు. మొదటి ఏడాది మాత్రం హౌస్ లీగే చాలు. దానికి ముందు ఒక చలికాలం స్కేటింగ్ క్లాసులకు పంపండి. నిలబడటం రాని పిల్లవాడికి స్టిక్ ఇస్తే దాన్ని ఊతకర్రలా వాడి, వంగిపోయి స్కేట్ చేయడం అలవాటు చేసుకుంటాడు.

కాగితాల విషయానికొస్తే, తల్లిదండ్రుల్లో ఒకరు రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలి. తలకు తగిలే దెబ్బల గురించి రోవన్స్ లా (అంటారియో చట్టం) సమాచారం చదివామని ఏటా ఒప్పుకోవాలి.

డబ్బు ఎక్కడ పొదుపు చేసినా స్కేట్ల దగ్గర చేయకండి. రెండేళ్లు వస్తాయని పెద్ద సైజు కొనడమే మనవాళ్లు చేసే మొదటి తప్పు: లోపల పాదం ఆడుతుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, అరగంటకే కాళ్లు నొప్పంటాడు. స్కేటు సైజు మామూలు షూ కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. లేసులు వదిలి కాలివేళ్లు ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి, రెండు పడితే పెద్దదైనట్టే. మందపు సాక్సులు వద్దు, పల్చటిది ఒక్క జత చాలు. కొత్త స్కేట్ల బ్లేడుకి పదును ఉండదు. షాపులో అర అంగుళం హాలో (బ్లేడు అడుగున గాడి వంపు కొలత) పట్టించుకోండి. బ్లేడుకి గార్డులు లేకుండా సిమెంటు మీద నాలుగడుగులు వేస్తే ఆ పదును పోయినట్టే.

షిన్ ప్యాడ్లు, ప్యాంటు, ఎల్బో ప్యాడ్లు సెకండ్ హ్యాండ్‌వైనా పర్లేదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి: సీఎస్‌ఏ (కెనడా భద్రతా ప్రమాణం) ముద్ర చూడండి, రంగులు వేయకండి. నెక్ గార్డు మీద బీఎన్‌క్యూ (క్యుబెక్ ప్రమాణాల సంస్థ) ముద్ర ఉండాలి. వేసుకునే వరుస: జాక్ (తొడల మధ్య రక్షణకి వేసేది), షిన్ ప్యాడ్లు, హాకీ సాక్సులు, ప్యాంటు, స్కేట్లు, ఆ తర్వాతే షోల్డర్ ప్యాడ్లు. అవి ముందే వేస్తే వంగి లేసులు కట్టలేరు. ఇంటికొచ్చాక బ్యాగు కారు డిక్కీలో వదిలేయకండి; అన్నీ బయటకి తీసి ఆరబెట్టకపోతే వారానికే కంపు.

జూనియర్ స్థాయి సంగతి 15 ఏళ్లు దాటాక. ఆ వయసు ఆటగాళ్లను ఓహెచ్‌ఎల్ (అంటారియో హాకీ లీగ్, జూనియర్ లీగ్) జట్లు డ్రాఫ్టులో, అంటే వంతులవారీ ఎంపికలో, ఎంచుకుంటాయి. ఓహెచ్‌ఎల్‌లో ఆడితే అమెరికా కాలేజీ హాకీ దారి మూసుకుపోతుందని ఇప్పటికీ చెబుతుంటారు. అది పాతమాట, 2025 ఆగస్టు 1 నుంచి ఆ నిషేధం లేదు.