పాత అమెరికన్ కార్లు, 7వ పాఠం: పొట్టి లైనింగ్ ఎప్పుడూ ముందుకే

ఈ వారం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది) మొదలుపెడదాం అనుకున్నాను, కానీ కుదరదు. పోయిన పాఠం చూసి బ్రేక్ డ్రమ్ములు (చక్రంతోపాటు తిరిగే గిన్నెలు) విప్పిన వాళ్లలో నలుగురు రాశారు, నలుగురిదీ ఒకటే బాధ: కొత్త షూలు (డ్రమ్ముని లోపలి నుంచి నొక్కే వంపు ఇనప ముక్కలు, వాటి మీద రాపిడికి అతికించిన పట్టీయే లైనింగ్) వేశాక బ్రేక్ తొక్కితే బండి ఒక పక్కకి లాగుతోంది. ఒకాయన బండి ఇరవై మైళ్ల వేగంలోనే పక్క లేన్‌లోకి వెళ్లిపోయింది, ఆ క్షణాన ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ (డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు) ఉంది, అప్పటికి బండి బయటికి తీయాలని ఇక్కడ చాలామందికి తొందర, నాకు తెలుసు. అయినా సరే, ఇది సరిచేసేదాకా రోడ్డెక్కించకండి.

తప్పు నాది. "డ్రైవర్ వైపు చక్రం ముందు కూర్చుంటే పొట్టి లైనింగ్ ఉన్న షూ మీ ఎడమ చేతి వైపు రావాలి" అని రాసి వదిలేశాను. నేనుండేది మిషిగన్‌లో, నాది 1966 మస్టాంగ్, స్టీరింగ్ ఎడమ పక్క. తెనాలిలో తాతగారి 1953 షెవర్లే బెల్ ఎయిర్‌ని బాగుచేసుకుంటున్న అబ్బాయి బండికి స్టీరింగ్ కుడి పక్క. అతను తన డ్రైవర్ వైపు, అంటే కుడి చక్రం దగ్గర కూర్చుని, నేను చెప్పినట్టే ఎడమ చేతి వైపు పొట్టిది బిగించాడు. అది వెనక వైపు. మిగతా వాళ్లు ఇక్కడివాళ్లే. వాళ్లు డ్రైవర్ వైపు సరిగ్గా వేసి, లేచి అటు పక్కకి వెళ్లి అక్కడా ఎడమ చేతి వైపే పెట్టేశారు.

ఇకనుంచి ఈ పాఠాల్లో డ్రైవర్ వైపు అన్న మాటే ఉండదు. ఎడమ, కుడి అంటే సీట్లో కూర్చుని ముందుకి చూస్తున్నప్పటి ఎడమ, కుడి. షూల విషయంలో అదీ అక్కర్లేదు, పొట్టి లైనింగ్ హెడ్‌లైట్ల వైపు, పొడుగు లైనింగ్ డిక్కీ వైపు, నాలుగు చక్రాలకీ అంతే. ఎడమ చక్రం దగ్గర కూర్చుంటే పొట్టిది మీ ఎడమ చేతి వైపు వస్తుంది, కుడి చక్రం దగ్గర మీ కుడి చేతి వైపు వస్తుంది.

ఎందుకలా అన్నది తెలిస్తే ఇక మర్చిపోరు. షూలు రెండూ పైన యాంకర్ పిన్నుకి (కదలని ప్లేటు మీద బిగించిన మేకుకి) ఆనుకుని ఉంటాయి, కింద మాత్రం ప్లేటుకి బిగించి ఉండవు, మధ్యలో స్టార్ వీల్ అనే పళ్ల చక్రం ఉన్న అడ్జస్టర్ ఒక్కటే వాటిని కలుపుతుంది. బండి ముందుకి పోతుంటే డ్రమ్ముకి ముందు వైపు అంచు కిందికి తిరుగుతుంది కదా. బ్రేక్ తొక్కగానే ముందు షూ డ్రమ్ముకి తగిలి దాంతోపాటు కిందికి ఈడ్చుకుపోతుంది, అడ్జస్టర్‌ని వెనక్కి నెడుతుంది, అడ్జస్టర్ వెనక షూని నెడుతుంది, వెనక షూ పైకి పోబోయి యాంకర్ పిన్నుకి తన్నుకుని డ్రమ్ముకి గట్టిగా బిగుసుకుంటుంది. తలుపు కింద చెక్క ముక్క ఇరుక్కున్నట్టు, తలుపు ఎంత తోస్తే అది అంత బిగుస్తుంది. పవర్ బ్రేకులు లేకుండా ఇంత బరువున్న బండి ఆగుతోందంటే ఇందువల్లే. ఎక్కువ పని వెనక షూది, అందుకే దానికి పొడుగు లైనింగ్. తిరగేసి వేస్తే ఆ పనంతా పొట్టిదాని మీద పడి తొందరగా కాలిపోతుంది, అరిగిపోతుంది, రెండో పక్క చక్రం మాత్రం సరిగ్గా పట్టుకుంటుంది కాబట్టి బండి లాగుతుంది.

ఇంకో రకం కూడా చూశాను, పెట్టెలోంచి నాలుగు షూలూ బల్ల మీద పోసి, ఒక చక్రానికి రెండు పొట్టివి, ఇంకోదానికి రెండు పొడుగువి వేయడం. అందుకే నేను పెట్టె తెరవగానే షూ వెనక ఇనుము మీద పెయింట్ మార్కర్‌తో "ము", "వె" అని రాసేస్తాను. లైనింగులు రెండూ ఒకే పొడవుండే సెట్లు కూడా వస్తాయి, వాటిలో తేడా పదార్థంలో ఉంటుంది, పెట్టె మీద ఏది ముందుదో చదవకుండా ముట్టుకోవద్దు. ఒకేసారి రెండు చక్రాలూ విప్పకండి. రెండోది విప్పకుండా ఉంటే అదే మీ బొమ్మ, కాకపోతే అద్దంలో బొమ్మ.

స్టార్ వీల్ అడ్జస్టర్లూ అంతే, మస్టాంగ్‌లో ఎడమదానికి, కుడిదానికి మరలు వేరు, ఎల్, ఆర్ అని కొట్టి ఉంటుంది. మారిస్తే సెల్ఫ్ అడ్జస్టర్ (స్టార్ వీల్‌ని దానంతట అదే తిప్పేది) పనిచేసిన ప్రతిసారీ షూలు డ్రమ్ముకి దగ్గరగా రావాల్సింది పోయి డ్రమ్ముకి దూరం జరుగుతాయి. బెల్ ఎయిర్‌కి సెల్ఫ్ అడ్జస్టర్ లేదు, బ్రేక్ స్పూన్ అనే వంపు పనిముట్టుతో చేత్తోనే తిప్పాలి.

1967 డాడ్జ్ డార్ట్ ఉన్నాయనా, మీరు రెండు స్టడ్లు (చక్రం నట్లు బిగించే మరమేకులు) విరగ్గొట్టారు. అప్పటి క్రిస్లర్ బండ్లకి ఎడమ చక్రాల నట్లు తిరుగు మరవి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి. మస్టాంగ్ వాళ్లు షూలు ఆర్డర్ చేసే ముందు చక్రం నట్లు లెక్కపెట్టండి: ఆరు సిలిండర్ల బండికి 4 నట్లు, 9 అంగుళాల డ్రమ్ము, వి8 బండికి 5 నట్లు, 10 అంగుళాల డ్రమ్ము. మధ్యలో ఎవరో ఇంజిన్ మార్చి ఉండొచ్చు, అందుకే ఇంజిన్‌ని కాదు, నట్లని నమ్మండి. పాత లైనింగ్ పొడిలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ప్రమాదమైన పీచు) ఉంటుంది. గాలి కొట్టొద్దు, బ్రష్షుతో దులపొద్దు, బ్రేక్ క్లీనర్‌తో బాగా తడిపి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ సంచిలో కట్టేయండి. పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వకండి.

వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలని తోసేది) పైపు ఊడదీయకపోతే బ్లీడింగ్, అంటే పైపుల్లోంచి గాలి తీయడం, అక్కర్లేదు.

అభ్యాసం: ఒక ముందు చక్రం ఎంచుకుని మొత్తం విప్పి బిగించండి, మూడుసార్లు. మూడోసారి ఫోన్‌లో ఫొటో చూడకుండా. స్ప్రింగ్ ప్లయర్స్ వాడండి, స్క్రూడ్రైవర్‌తో లాగితే స్ప్రింగ్ మొహానికి తగులుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. మిగతా మూడు చక్రాలకి కూడా డ్రమ్ములు తీసి పొట్టిది ఎటుందో చూడండి. తర్వాత ఖాళీ పార్కింగ్ లాట్‌లో రివర్స్‌లో పోతూ పది పన్నెండుసార్లు బ్రేక్ తొక్కండి, మస్టాంగ్ సెల్ఫ్ అడ్జస్టర్ వెనక్కి పోతూ ఆపినప్పుడే పనిచేస్తుంది. ఆపైన ముందుకి పది మైళ్ల వేగం, తర్వాత ఇరవై, చేతులు స్టీరింగ్ మీద వదులుగా. అప్పటికీ లాగితే మళ్లీ జాక్ స్టాండ్ల మీదకి ఎక్కించి డ్రమ్ము తీయండి, ఈసారి లైనింగ్ మీద గ్రీజు వేలిముద్రలు, వీల్ సిలిండర్ కింద తడి వెతకండి. తడి కనబడితే ఇంకేమీ ముట్టుకోకుండా నాకు రాయండి, 1966 బండికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకే బ్రేక్ ఆయిల్ లైన్, అది కారితే పెడల్ మొత్తం నేలకి దిగిపోతుంది.