పాత కాగితాలతో ఇంట్లోనే కొత్త కాగితం చేయడం ఎలా?

ముందు ఒక మాట. ఒక వైపు ఖాళీగా ఉన్న కాగితం ఇంకా చెత్త కాదు, దాన్ని నానబెట్టకండి. రెండు వైపులా నిండిన నోటుపుస్తకాలు, ప్రింటవుట్లు, పాత కవర్లు దీనికి పనికొస్తాయి. నూనె అంటిన కాగితం, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం వద్దు. బిల్లు రసీదులు అసలే వద్దు. వేడికి అక్షరాలు తేలే ఆ కాగితం మీద చాలాసార్లు ఒంటికి మంచివి కాని బిస్ఫినాల్ రసాయనాలు ఉంటాయి. వార్తాపత్రికలు కూడా వాడకూడదు. వాటిలో లిగ్నిన్ (చెక్కకు గట్టిదనాన్నిచ్చే పదార్థం) ఎక్కువ, చేసిన కాగితం త్వరగా పసుపు తిరుగుతుంది. వాటిని పాత పేపర్లు కొనేవాళ్లకు ఇచ్చేయండి.

కావలసినవి: ఒకే కొలతలో రెండు చెక్క చట్రాలు (ఒకదానికి సన్నని వల బిగుతుగా కొట్టాలి), చట్రం పట్టే టబ్బు, మిక్సీ, స్పాంజి, పాత నూలు గుడ్డలు.

కాగితాన్ని చేత్తో చిన్న ముక్కలుగా చించి రాత్రంతా నానబెట్టండి. కత్తెర వద్దు. చించితే నారలు పొడుగ్గా మిగులుతాయి, కత్తిరిస్తే తెగిపోతాయి. పొద్దున గుప్పెడు ముక్కలను మిక్సీ జారులో వేసి, ముప్పావు వంతు దాకా నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి. చెంచాడు గుజ్జును గ్లాసు నీళ్లలో కలిపి వెలుతురుకు పట్టి చూస్తే ఉండలు కనిపించకూడదు. గుజ్జును టబ్బు నీళ్లలో కలిపేయండి.

వల ఉన్న చట్రం మీద ఖాళీ చట్రం పెట్టి, రెండూ కలిపి నిలువుగా ముంచి, అడుగున అడ్డంగా తిప్పి, నేరుగా పైకి లేపండి. నీరు కారుతుండగానే ఒక్కసారి అటూ ఇటూ మెల్లగా కదపండి. తర్వాత కదపకండి, పొర చీలుతుంది. నీరు కారడం తగ్గాక పై చట్రం తీసేయండి.

ఇక అసలు పని, పొరను గుడ్డ మీదికి దించడం. పది మందిలో తొమ్మిది మంది ఇక్కడే పాడుచేస్తారు, అదీ తొందరపడి. పొర మీద నీటి మెరుపు పోయేదాకా ఆగండి. గుడ్డను తడిపి, పిండి, ముడతల్లేకుండా పరవండి. పొడిగుడ్డ పొరను పట్టుకోదు. చట్రం ఒక అంచును గుడ్డకు ఆనించి, తలుపు మూసినట్టు మెల్లగా వాల్చండి. ఇప్పుడు వల వెనక నుంచి స్పాంజితో అద్దండి, రుద్దకండి. పిండి మళ్లీ అద్దండి. స్పాంజికి నీళ్లు రావడం ఆగేదాకా ఇదే పని. కాగితంలో జిగురేమీ లేదు. నీరు పోయేకొద్దీ సెల్యులోజ్ నారలు (మొక్కల నుంచి వచ్చే కాగితపు నారలు) దగ్గరై ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అంతే. క్రీ.శ. 105 ప్రాంతంలో చైనాలో త్సాయ్ లున్ అనే రాజాస్థాన అధికారి చెట్ల బెరడు, చింకిగుడ్డలు, పాత వలలతో కాగితం చేయించాడంటారు. అక్కడా ఇదే సూత్రం.

ఒక అంచు నుంచి చట్రాన్ని వేలెడంత ఎత్తి చూడండి. పొర వలకే అంటుకుని వస్తుంటే గోటితో గీకకండి. మళ్లీ వాల్చి మళ్లీ అద్దండి. చిరిగితే దిగులు లేదు, టబ్బులోకి వేసేయండి. చాలామంది వల మీదే ఆరబెడతారు. నారలు వల కన్నాల్లోకి దిగి ఆరాక ఊడదీస్తే చిరుగుతుంది, వెనకంతా గళ్లు పడతాయి. పైగా ఆరేదాకా చట్రం ఖాళీ కాదు. నా పద్ధతిలో ఒక్క చట్రంతో పూటకు ఇరవై కాగితాలు తీయొచ్చు.

గుడ్డ మీదికి దిగిన పొర మీద మరో గుడ్డ పరిచి, బరువు పెట్టి, మర్నాడు నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. సిరా పాకకుండా ఉండాలంటే ఆరాక పలుచని గంజి పూయండి.

మిగిలిన గుజ్జును సింకులో పారబోయకండి, గొట్టాల్లో గట్టిపడి పూడుకుపోతుంది. గుడ్డలో వడగట్టి, ఉండలు చేసి, ఎండబెట్టి దాచండి. ఈసారి నానబెట్టేటప్పుడు వాటిలో మంచి కాగితం ముక్కలు కలపండి, ఎందుకంటే తిప్పిన ప్రతిసారీ నారలు పొట్టివవుతాయి.