స్విచ్ డ్రైవర్‌లో పోర్టుల వివరాలు ఎక్కడ పెట్టాలి? వాదనకు దిగేముందు చేయాల్సిన పనులు

లినక్స్ కర్నెల్‌లో నెట్‌వర్క్ స్విచ్‌కు డ్రైవర్ రాయబోతే మొదటి పేచీ స్ట్రక్చర్ల (వివరాలను కలిపి దాచే డేటా అమరికల) దగ్గరే వస్తుంది. పోర్టులను అరేలో (నంబరుతో నేరుగా అందే వరుసలో) పెడదామని ఒకరంటారు, లింక్డ్ లిస్టే (ఒకదాన్నుంచి ఇంకోదానికి నడుస్తూ వెళ్లే గొలుసే) మేలని ఇంకొకరంటారు. ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకు కూర్చుంటే అది ఎప్పటికీ తేలదు.

ముందు పోర్టు ఎవరి సొత్తో తేల్చండి. స్విచ్ చిప్పులను నడపడానికి 2008లో కర్నెల్ 2.6.28తో వచ్చిన డీఎస్ఏ (డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ఆర్కిటెక్చర్) వ్యవస్థనే చూడండి. ఒకే బోర్డు మీద రెండు మూడు స్విచ్ చిప్పులు గొలుసుకట్టుగా ఉండొచ్చు, వాటన్నిటికీ కలిపి ఒక ట్రీ ఉంటుంది. పోర్టు తన చిప్పు సొత్తే అనిపిస్తుంది గానీ, ప్యాకెట్ వచ్చాక అది ఏ చిప్పులో ఏ పోర్టుదో వెతకడం ట్రీ నుంచే మొదలవుతుంది. మొదట్లో డీఎస్ఏ హెడర్ ఫైల్‌లో స్విచ్‌కు 12 పోర్టులు, ట్రీకి 4 స్విచ్‌లు అని గీత గీసి ఉండేది. పెద్ద చిప్పు రాగానే ఆ అంకెలే అడ్డం. తర్వాత చిప్పుకు సరిపడా అరే కేటాయించడం వచ్చింది. 2019లో పోర్టులన్నీ ట్రీ కింద ఒకే లిస్టులోకి చేరాయి.

రెండో పని, ఆ లిస్టును ఎవరు ఎన్నిసార్లు నడుస్తారో కాగితం మీద లెక్కేయడం. 11 పోర్టుల స్విచ్‌లో 0 నుంచి 10 దాకా లూప్ తిప్పుతూ, ప్రతి నంబరుకూ పోర్టును లిస్టు మొదటినుంచి వెతికితే 66 అడుగులు. అలాంటివి 4 స్విచ్‌లు వరుసగా ఉంటే చివరి స్విచ్‌కు 429. అందుకే 2021లో నంబర్లతో కాకుండా నేరుగా పోర్టుల మీదే తిరిగే మ్యాక్రోలు (పేరు పెట్టి వాడుకునే కోడ్ ముక్కలు) తెచ్చారు. లిస్టు తప్పు కాదు, దాన్ని అరేలా వాడటమే తప్పు.

స్ట్రక్చర్ లోపల ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీల గురించి మాత్రం ఎక్కువ గొడవపడొద్దు. 64 బిట్ యంత్రంలో ఒక బైటు, ఒక పాయింటర్, మళ్లీ ఒక బైటు వరసగా పెడితే 24 బైట్లు. పాయింటర్‌ను ముందుకు తెస్తే 16. పాహోల్ అనే టూల్ ఆ ఖాళీలను చూపిస్తుంది. కానీ 11 పోర్టులకు మిగిలేది 88 బైట్లే! ప్రతి ప్యాకెట్‌కూ తాకే ఫీల్డులు ఒకే క్యాష్ లైన్‌లో (ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్కలో) ఉన్నాయా లేదా అన్నది చూసుకుంటే చాలు.

వీలాన్‌ల (ఒకే నెట్‌వర్క్‌ను విడగొట్టే వర్చువల్ నెట్‌వర్క్‌ల) దగ్గర అసలు తిరకాసు ఉంది. వీలాన్‌కు ఒక బిట్ చొప్పున 4096 బిట్ల బిట్‌మ్యాప్ అంటే పోర్టుకు 512 బైట్లు, ముచ్చటైన పరిష్కారమే. అయితే సీపీయూ వైపు పోర్టులో ఒకే వీలాన్‌ను నాలుగు పోర్టుల తరఫున చేర్చాల్సి రావచ్చు. అందులో ఒకటి తప్పుకోగానే బిట్ చెరిపేస్తే మిగతా మూడింటి ట్రాఫిక్ ఆగిపోతుంది. బిట్‌కు లెక్క తెలియదు కదా! అక్కడ ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్ ఉన్న లిస్టే కావాలి.

ఇక ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేటప్పుడు స్ట్రక్చర్‌ను ఒక్కసారిగా మార్చకండి. ముందు అరేను నేరుగా తాకే ప్రతి చోటా ఒక చిన్న హెల్పర్ ఫంక్షన్ పెట్టండి, అదొక ప్యాచ్. 2019 మార్పు కూడా అలాగే మొదలైంది. ఆ తర్వాత లోపల అరే తీసి లిస్టు పెట్టినా డ్రైవర్లలో ఒక్క లైనూ కదలదు.