యూల్‌ని మన పెరట్లో చేసుకోవడం ఎలా: పర్లాకిమిడి నుంచి

డిసెంబర్ వచ్చిందంటే పిల్లల ఫోన్లలో ఒకటే రీల్స్, మంచు, దేవదారు కొమ్మలు, కొవ్వొత్తులు. మూడేళ్ల కిందట మా అమ్మాయి బెంగళూరు నుంచి సెలవలకి వచ్చి "నాన్నా, ఈసారి యూల్ మనింట్లో చేద్దాం" అంటే సరే అన్నాను. యూల్ అంటే ఏడాదిలో అన్నిటికంటే పొట్టి పగలు నాడు, సూర్యుడు మళ్లీ ఉత్తరానికి మళ్లే (పొద్దు తిరిగే) రోజున, దుంగ కాల్చి చేసే యూరప్ పేగన్ పండగ. మొదటి ఏడాది పరువు పోయింది. యూల్ దుంగ కావాలని పెరట్లో అప్పుడే కొట్టిన మామిడి కొమ్మకి నిప్పు పెట్టాం, అది మండలేదు సరికదా పొగంతా పోయి పక్కింటి మావుసి (ఒరియాలో పిన్ని) ఆరేసుకున్న బట్టలకి పట్టింది. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు, ఆవిడ ఒరియాలో తిట్టింది, మా అమ్మ తెలుగులో తిట్టింది. కాబట్టి కింద రాసేదంతా తిట్లు తిని నేర్చుకున్నదే.

ముందు చిన్న సంగతి. పేగన్ పండగలంటే క్రైస్తవం రాకముందు యూరప్‌లో ఉన్న ఆచారాలూ, వాటిని ఈ రోజుల్లో మళ్లీ పాటిస్తున్నవాళ్ల పద్ధతులూ. యూల్ పేరు పాతదే, 725లో ఇంగ్లండ్ సన్యాసి బీడ్ తన కాలగణన పుస్తకంలో ఆంగ్లులు డిసెంబర్, జనవరి నెలల్ని ఆ పేరుతోనే పిలిచేవారని రాశాడు. ఏడాదికి ఎనిమిది పండగల చక్రం మాత్రం 1950ల చుట్టూ బ్రిటన్‌లో కూర్చుకున్నది. అంచేత ఎవరైనా "అనాదిగా వస్తున్న విధానం ఇదే" అని పెద్ద లిస్ట్ పెడితే టెన్షన్ పడకండి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చకూడనిది ఒక్కటే: పొద్దు తిరగడం మీ కళ్లతో మీరు చూడాలి. అది లేకపోతే మిగిలేది కొవ్వొత్తుల ఖర్చే.

తేదీ డిసెంబర్ 21 గానీ 22 గానీ. మా ఊళ్లో ఆ రోజు పొద్దు ఆరూ ఇరవై దాటాక పొడిచి సాయంత్రం ఐదూ ఇరవైకల్లా గుంకుతుంది, అంటే పగలు దాదాపు 11 గంటలు. స్టాక్‌హోమ్‌లో ఆ రోజు పగలు 6 గంటలే, అక్కడివాళ్లకి వెలుగు తిరిగి రావడమంటే ప్రాణం లేచొచ్చినట్టు. మనకి అంత కరువు లేదు కాబట్టి తేడా ఊరికే కనబడదు, కొలిచి పట్టుకోవాలి.

కొలవడానికి మీటరు పొడవు తిన్నటి కర్ర చాలు. డాబా మీద ఇసుక డబ్బాలో నిలువుగా పాతి, మధ్యాహ్నం పదకొండూ ముప్పావు నుంచి పన్నెండూ పావు దాకా అయిదేసి నిమిషాలకి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడే ఆ రోజు లెక్క. డిసెంబర్ 21న అది 90 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, భోగి నాటికి 85కి వచ్చేస్తుంది. జూన్ 21న చూస్తే నీడ ఎనిమిది సెంటీమీటర్లే, పైగా ఉత్తరానికి కాకుండా దక్షిణానికి పడుతుంది, ఎందుకంటే అప్పుడు సూర్యుడు మన నెత్తి దాటి ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతాడు. మా అమ్మాయికి యూల్ మొత్తంలో నచ్చింది ఇదే.

21కి ముందూ వెనకా నాలుగు రోజులు నీడలో తేడా కనబడదు, కర్ర వంగిందేమో అని పీకి మళ్లీ పాతకండి (మేం పాతాం). సూర్యుడు ఆగినట్టుండేది అప్పుడే. ఇంకో చిక్కు, 21 తర్వాత పొద్దున్నే వెలుగు తొందరగా రాదు, పొద్దు పొడవడం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. పెరిగే పగలంతా సాయంత్రం వైపే.

ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ అని అయిదు వేల ఏళ్ల నాటి రాతి సమాధి ఉంది. ఏటా డిసెంబర్ 21 చుట్టూ ఉన్న రోజుల్లో పొద్దున్నే ఎండ ద్వారం మీది సందులోంచి దూరి లోపలి గదిని పదిహేడు నిమిషాల పాటు వెలిగిస్తుంది. లోపలికి వెళ్లడానికి లాటరీ తీస్తారు. మన అరసవల్లిలో మార్చిలో, అక్టోబర్‌లో కిరణాలు స్వామి పాదాలు తాకేది చూడ్డానికి జనం ఎగబడరూ, అలాగే.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు. "ఉత్తరాయణం వచ్చేది సంకురాత్రికి కదరా, ఇప్పుడు ఈ గోలేంటి" అని మా అమ్మ అడిగింది. మన పంచాంగం నక్షత్రాలని బట్టి లెక్క కడుతుంది, భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్క, పొద్దు తిరిగే రోజు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున విడిపోతూ వచ్చాయి. ఓ పదిహేడు వందల ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు, ఇప్పుడు ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజుల ఎడం. ఇంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు గానీ, ధనుర్మాసంలో శుభకార్యం కాదు, ముహూర్తం అక్కర్లేదు, పూజ కూడా కాదు అన్నాక ఊరుకుంది.

రాత్రికి పెద్ద హంగామా వద్దు. తిండి అయ్యాక ఇంట్లో లైట్లన్నీ ఆపేసి పది నిమిషాలు చీకట్లో కూర్చోండి, ఫోన్లు కూడా బోర్లా. పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత వాళ్లే ఊరుకుంటారు. అప్పుడు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల చేత ఒక ప్రమిద వెలిగించి, దాన్నుంచే మిగతావి వెలిగించుకుంటూ పెరట్లోకి వెళ్లి దుంగ అంటించాలి. దుంగ చింతదో సరుగుడుదో, కనీసం ఏడాది ఎండింది, మోకాటి ఎత్తు ఉంటే చాలు. కింద నాలుగు పిడకలు పేరిస్తే బాగా అందుకుంటుంది. తాటాకులు మాత్రం వద్దు, రవ్వలు ఎగురుతాయి, కళ్లాల్లో వరికుప్పలు ఉండే నెల ఇది. టైర్లు, రంగు వేసిన చెక్క అసలే వద్దు. చలిగా ఉందని కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకోకండి, బొగ్గు విషవాయువు వాసన రాకుండానే మనిషిని తీసుకుపోతుంది. బకెట్ ఇసుక దగ్గర ఉంచుకోండి.

తిండికి దూరం పోనక్కర్లేదు. బరంపురం వైపు నుంచి వచ్చే ధను మువా, అదే పేలాలూ బెల్లం కలిపి నొక్కిన ఉండ, ఈ డిసెంబర్ రోజుల్లోనే దొరుకుతుంది. మావుసి అరిసె పిఠా అంటుంది, మేం అరిసెలు అంటాం, పళ్లెంలో పెడితే ఏది ఎవరిదో తెలీదు. తాగడానికి అల్లం, మిరియాలు వేసి మరిగించిన బెల్లం నీళ్లు. తెల్లారి మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్లి పొద్దు పొడుపు చూస్తే బాగుంటుంది, పొగమంచు పడితే ఏడింటి దాకా ఏమీ కనబడదు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి.

మిగతా ఏడు పండగలూ చెయ్యాలా? నా మటుకు పొద్దు తిరిగే రెండూ, పగలూ రాత్రీ సమానమయ్యే రెండూ చాలు. మే 1న బెల్టేన్ అని మంటలు వేస్తారు, మన ఎండల్లో ఎవడు వేస్తాడు? ఆగస్టు 1 లూనాసా వాళ్లకి కోతల పండగ, మనకి అప్పుడు ఊడుపులు. కోతల సంబరం కావాలంటే మన చుట్టూ ఉన్నదే చూడండి, కొండల మీద సవరలు కంది కొత్తలు చేసి, దేవతకి పెట్టాక గానీ కొత్త కందులు నోట్లో వేసుకోరు. పిలిస్తే చుట్టాల్లా వెళ్లండి, వాళ్ల తంతు తెచ్చి మీ యూల్‌లో అతికించకండి.

మంట ఆరాక కాలిన దుంగలో ఒక ముక్క దాచాలి, వచ్చే ఏడు దుంగని దాంతోనే అంటించడం యూరప్‌లో పాత అలవాటు. మేం దాన్నే కాస్త మార్చి సగం ముక్క భోగి మంటలో వేస్తాం, సగం దాస్తాం. దాచేటప్పుడు డబ్బాలో పెట్టి మూత మీద పేరు రాసి అటక ఎక్కించండి. పోయినేడు కిటికీలో వదిలేస్తే మా అమ్మ దాన్ని నూరి పళ్లపొడి చేసేసింది.