ఆయాసం జబ్బున్నవారు గుండె మాత్రలు వాడే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు చుట్టలు, బీడీలు కాల్చే మగవారికే కాక, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వండినవారికీ, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చడం) తాగే పెద్దవయసు స్త్రీలకూ వస్తుంది. పొగ గుండె రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది కనుక, ఒకే మనిషికి ఇన్‌హేలరు, గుండె మాత్ర రెండూ అవసరం కావడం తరచుగా చూస్తాం.

చిక్కంతా బీటా బ్లాకర్ మాత్రలతోనే. గుండె వేగాన్ని తగ్గించే ఈ మందులు శ్వాసనాళాలను బిగిస్తాయన్న భయంతో కొందరు వాటిని మానేస్తారు. ఆ భయం ప్రొప్రనలాల్ విషయంలో సరైనదే, ఎందుకంటే అది శ్వాసనాళాల మీదా పనిచేసి శ్వాసనాళాలను విప్పే ఇన్‌హేలరు మందు సాల్బుటమాల్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్ ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి కాబట్టి, గుండెపోటు వచ్చినవారికీ, గుండె బలహీనపడినవారికీ సీఓపీడీ ఉందన్న ఒక్క కారణంతో వాటిని దూరం చేయడం నా దృష్టిలో పెద్ద నష్టం. అయితే ఊపిరితిత్తులు బాగుపడతాయని ఆశించి వీటిని వాడకూడదు. గుండె అవసరమేదీ లేని సీఓపీడీ రోగులకు మెటోప్రొలాల్ ఇచ్చి చూసిన అధ్యయనం 2019లో వెలువడగా, అందులో ఆయాసం ఒక్కసారిగా ముదిరే సందర్భాలు తగ్గలేదు. ఉబ్బసం సంగతి వేరు. ఉబ్బసం ఉన్నవారు నిపుణుడు చెప్పనిదే ఏ బీటా బ్లాకరూ మొదలుపెట్టరాదు.

కాబట్టి ముందుగా మాత్రల అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు కాక, అసలు మందు పేరు చదివించుకోండి. కంటి చుక్కలనూ మరవవద్దు: నీటికాసుల జబ్బుకు వేసే టిమోలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే, కంట్లో వేసిన మందు రక్తంలో కలిసి పిల్లికూతలు తెప్పించగలదు. వణుకుకో, తలనొప్పికో ఇచ్చిన మాత్ర ప్రొప్రనలాల్ అయి ఉండవచ్చు. గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన మందులన్నీ ఒకే కాగితం మీద రాయించి, ఎక్కడికి వెళ్లినా చూపించండి.

కొత్త మాత్రను ఆయాసం నిలకడగా ఉన్న రోజుల్లో, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం మంచిది. రోజూ ఒకే వేళకు నాడి లెక్కించి రాసుకోండి. నాడి నిమిషానికి 50 కంటే తగ్గి కళ్లు తిరిగినా, ఇన్‌హేలరు మునుపటికంటే ఎక్కువసార్లు పీల్చవలసి వచ్చినా వెంటనే డాక్టరును కలవండి గాని మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఎగబాకి, గుండెనొప్పి తిరగబెట్టవచ్చు.

బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ పొడిదగ్గు తెప్పించగలవు. దాన్ని పాత దగ్గే అనుకొని సిరప్‌లు తాగుతూ కూర్చోకుండా అడిగితే, డాక్టరు మందు మార్చగలరు. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ గుండె లయను తప్పించగలదు, దానికి సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ తోడైతే రక్తంలో థియోఫిలిన్ మోతాదు పెరుగుతుంది. అటెనలాల్ అనే బీటా బ్లాకర్ మూత్రపిండాల ద్వారా పోయే మందు కనుక, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంవారు దాన్ని వాడుతుంటే, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షను డాక్టరుకు తప్పక చూపించుకోవాలి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి పట్టినా 108కి ఫోన్ చేసి, ఆ మందుల కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.