పోర్టు తెరిచే ముందు: ఇంటి మోడెమ్ విషయంలో జాగ్రత్తలు

పండగకు ఇల్లు తాళం వేసి ఊరెళ్లే ముందు, పిల్లల దగ్గరకు అమెరికా ప్రయాణం కట్టే ముందు చాలామంది ఇంటి మోడెమ్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టించుకుంటారు, అంటే బయటి నుంచి ఇంట్లోని పరికరం దగ్గరకు పోర్టు అనే నెంబరున్న తలుపు ఒకటి తెరిపిస్తారు. సీసీ కెమెరాలు ఎక్కడి నుంచైనా కనబడాలని, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోని ఫైళ్లు దూరం నుంచి అందాలని, పిల్లలు స్నేహితులతో ఆడుకునే ఆటకు సర్వరు కావాలని. పని అయిదు నిమిషాలది. తేడా వస్తే జరిగే నష్టం మాత్రం నెలల తరబడి కంటికి కనిపించకుండా సాగుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెనాలిలో మా పెద్దనాన్న గారింట్లో చూసినది ముందు చెబుతాను. డల్లాస్‌లో ఉండే అక్క చూసుకోవడానికని నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి పెట్టించారు. బిగించిన అబ్బాయి మోడెమ్‌లో 80, 554, 8000 అనే మూడు పోర్టులు తెరిచి వెళ్లాడు. రెండేళ్ల తరవాత బొమ్మ ఆగి ఆగి వస్తోందని అక్క ఫోన్ చేస్తే నేను వెళ్లాను. "పెద్దనాన్నా, దీని పాస్‌వర్డ్ ఏమిటి?" అని అడిగితే, "పెట్టెతో వచ్చిందేరా, మార్చలేదు" అన్నారు. డీవీఆర్‌లో ఎవరెప్పుడు వచ్చారో నమోదయ్యే లాగ్ తెరిచాను. రాత్రి 2 గంటల 14 నిమిషాల నుంచి నాలుగైదు సెకన్లకు ఒకటి చొప్పున ఎవరో లోపలికి రావడానికి ప్రయత్నించారు. యూజర్ పేర్లు అడ్మిన్, రూట్, సపోర్ట్, గెస్ట్, మళ్లీ అడ్మిన్. ఒక్కొక్కటి ఒక్కో ఇంటర్నెట్ అడ్రస్ నుంచి. కిందికి జరుపుతూ పోతే పేజీలకు పేజీలు అవే. మధ్యలో మూడు పంక్తులు మాత్రం లాగిన్ అయినట్టు చూపిస్తున్నాయి. ఆ వేళకు అక్క డల్లాస్‌లో ఆఫీసులో ఉంది. ఆ కెమెరాల్లో ఒకటి పెద్దమ్మ రోజూ కూర్చుని పూజ చేసుకునే హాలు వైపు తిప్పి ఉంది.

మోడెమ్ మామూలుగా మనకు చేసే మేలు ఒకటుంది. లోపలి ఫోనో కంప్యూటరో అడిగినదానికి జవాబును మాత్రమే లోపలికి రానిస్తుంది. పిలవకుండా వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. "ఈ పోర్టు నెంబరు మీద ఎవరు వచ్చినా అడగకుండా ఫలానా పరికరం దగ్గరకు పంపించు" అని దానికి చెప్పడమే పోర్ట్ ఫార్వార్డింగ్. ఆ 'ఎవరు వచ్చినా' దగ్గరే అందరూ పొరపడతారు. మనం అక్క కోసం తెరిచామనుకుంటాం. అక్క ఎవరో మోడెమ్‌కు తెలియదు.

"మా ఇంటి ఇంటర్నెట్ అడ్రస్ ఎవరికి తెలుస్తుందిలే" అనే ధీమా వద్దు. ఐపీవీ4 అనే రకం ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే సాధనంతో, ఒకే కంప్యూటర్ నుంచి, ఇంటర్నెట్‌లో చేరుకోగలిగిన అడ్రసులన్నిటి మీదా ఒక పోర్టును 45 నిమిషాల లోపే తట్టి చూపించారు. తెరిచి ఉన్న పరికరాలను వెతికిపెట్టే షోడాన్ అనే వెబ్‌సైటు 2009 నుంచీ ఉంది. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసిన పని కూడా ఇదే. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు అలాగే ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు వెతికి పట్టుకుని, వాటన్నిటితో ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైటు పేరు కొడితే దాని అడ్రస్ చూపిపెట్టే డిన్ అనే సంస్థ మీద దాడి చేయించారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల పాటు అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానులలో చాలామందికి తమ పరికరం అందులో ఉందన్న సంగతే తెలియదు.

ఇక జాగ్రత్తలు. అసలు మీ ఇంటికి సొంత పబ్లిక్ అడ్రస్, అంటే బయటి నుంచి నేరుగా చేరుకోగలిగే అడ్రస్, ఉందో లేదో మొదట చూడండి. మోడెమ్ పేజీలో వాన్ ఐపీ అని కనిపించే నెంబరు, బ్రౌజర్‌లో మీ ఐపీ అడ్రస్‌ను చూపే ఏదైనా వెబ్‌సైటులో వచ్చే నెంబరు ఒకటే కావాలి. వాన్ ఐపీలో మొదటి చుక్కకు ముందు 10 ఉన్నా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీరు వందలాది ఇళ్లతో కలిసి ఒకే అడ్రస్‌ను పంచుకుంటున్నారని అర్థం. అలాంటప్పుడు మోడెమ్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. ఇక్కడే ఒక ప్రమాదముంది. పని చేయడం లేదన్న విసుగుతో బయటివాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ తీసేస్తారు, ఒక పరికరాన్ని పూర్తిగా బయటికి వదిలేసే డీఎంజెడ్ పెడతారు, కనిపించిన పోర్టునల్లా తెరుస్తారు. అయినా పని చేయదు. అవన్నీ అలాగే వదిలేసి మరిచిపోతారు. ఆర్నెల్లకో ఏడాదికో ఇంటర్నెట్ సంస్థ పబ్లిక్ అడ్రస్ ఇచ్చిన రోజున ఆ కన్నాలన్నీ ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటాయి. పని చేయని మార్పును ఆ పూటే వెనక్కి తీసేయండి.

తరవాత, పోర్టు తెరవకుండా పని జరుగుతుందేమో ఆలోచించండి. నా మాట అడిగితే పదిలో తొమ్మిది ఇళ్లకు విపిఎన్, అంటే తాళంచెవి ఉన్నవారికే తెరుచుకునే రహస్య దారి, చాలు. వైర్‌గార్డ్ అనే విపిఎన్‌ను ఇంట్లో పెట్టుకుంటే తెరవవలసింది ఒక్కటే పోర్టు. మామూలుగా 51820, యూడీపీ పద్ధతిలో. సరైన తాళంచెవి లేని వారు దాన్ని తట్టినా అది బదులే ఇవ్వదు, వెతికే వాడికి అక్కడ ఏదో ఉందన్న ఆచూకీ కూడా దొరకదు. కెమెరాలైనా ఫైళ్లైనా ఆ ఒక్క దారి గుండానే చూసుకోవచ్చు. పబ్లిక్ అడ్రస్ లేని ఇళ్లకు టెయిల్‌స్కేల్ వంటి విపిఎన్‌లు ఉన్నాయి, వాటికి మోడెమ్‌లో ఏ పోర్టూ తెరవనక్కరలేదు.

విపిఎన్ కుదరక పోర్టు తెరవాల్సి వచ్చినా కొన్నిటిని ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. పరికరాన్ని దూరం నుంచి నడిపే పాత పద్ధతి టెల్నెట్ వాడే 23 వద్దు. విండోస్ ఫైళ్లు పంచుకునే 445 వద్దే వద్దు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించినది దీని మీదుగానే. మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే మరమ్మతు విడుదల చేసినా వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా తాళం పడిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. కంప్యూటర్‌ను దూరం నుంచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్‌కు చెందిన 3389ను నేరుగా తెరిస్తే పాస్‌వర్డ్ ఊహించే దాడులు గంటల్లో మొదలవుతాయి. నెంబరు మార్చి 33890 అని పెట్టుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. రొద కొంత తగ్గుతుందేమో కానీ వెతికే వాడు ఆ నెంబరునూ తడతాడు. ఫైళ్లు దాచుకునే నాస్ పెట్టెలకూ ఇదే వర్తిస్తుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ క్యూనాప్ కంపెనీ పెట్టెల్లోని ఫొటోలు, కాగితాలు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, మోడెమ్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ తీసేయండని ఆ కంపెనీయే వాడుకరులకు చెప్పింది.

డీవీఆర్‌ల విషయంలో పాస్‌వర్డ్ ఒక్కటీ మారిస్తే చాలదు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపంతో, పాస్‌వర్డ్ తెలియకుండానే, పరికరాన్ని పూర్తిగా చేతుల్లోకి తీసుకోవచ్చు. అందువల్ల తయారీదారు వెబ్‌సైటులో మీ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఉందేమో చూసి, వేసిన తరవాతే మిగతా పని మొదలు పెట్టండి. మీ మోడల్‌కు ఏళ్ల తరబడి ఫర్మ్‌వేర్ రాకపోతే దాన్ని ఇంటర్నెట్ ముఖం చూడనివ్వకండి.

మోడెమ్ మీద చెయ్యి వేసే ముందు ఇంకొక మాట. ఫైబర్ కనెక్షన్ల మోడెమ్‌లో కనెక్షన్‌కు కావలసిన వీలాన్, యూజర్ పేరు వంటివి ఇంటర్నెట్ సంస్థ వారు ముందే పెట్టి ఇస్తారు. వెనకాల చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కి పట్టుకుంటే అవి చెరిగిపోవచ్చు, మళ్లీ వారి మనిషి వచ్చేదాకా ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు. అందులోనూ పండగ ముందు రోజు వారి మనిషి దొరకడం కష్టం. మార్పు చేయబోయే ప్రతి పేజీనీ ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. బ్యాకప్ అవకాశం ఉంటే ఆ ఫైలును కంప్యూటర్‌లో దాచుకోండి. వాన్ పేజీ జోలికి వెళ్లవద్దు. ఈ పనంతా ఇంట్లో కూర్చునే చేయండి. దూరం నుంచి చేస్తూ ఒక్క గడి తప్పుగా నొక్కితే దారి తెగిపోతుంది, సరిచేయడానికి ఇంట్లో పెద్దవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. మోడెమ్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇప్పుడే మార్చి, బయటి నుంచి మోడెమ్ పేజీని తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపేయండి. కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మోడెమ్ మీద అంటించకండి. అలా అంటించిన కాగితం కెమెరాలో స్పష్టంగా కనబడుతున్న ఇల్లు నేను చూశాను.

డీవీఆర్‌కు లోపలి అడ్రస్ స్థిరంగా ఉండేలా డీహెచ్‌సీపీ రిజర్వేషన్ చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక ఆ అడ్రస్ ఏ లాప్‌టాప్‌కో వెళ్లి, మీరు తెరిచిన పోర్టు దాని వైపు తిరుగుతుంది. అప్పుడు కెమెరాలు కనబడవు, లాప్‌టాప్ బయటపడుతుంది. ఇది చిన్న విషయమని వదిలేస్తారు, నా దృష్టిలో చాలా పెద్దది.

పోర్ట్ ఫార్వార్డింగ్ నియమం రాసేటప్పుడు, కొన్ని మోడెమ్‌లలో దాన్ని వర్చువల్ సర్వర్ అంటారు, ఒకే పోర్టు, ఒకే పరికరం పెట్టండి. టీసీపీయా యూడీపీయా అన్నది పరికరం పుస్తకం చూసి అవసరమైనదే ఎంచండి. 1 నుంచి 65535 వరకు అని వరస ఇవ్వడం, డీఎంజెడ్ పెట్టడం, రెండూ తలుపులన్నీ పీకేసినట్టే. ఎవరి అడ్రస్ నుంచి వస్తే అనుమతించాలో చెప్పే గడి మోడెమ్‌లో ఉండి, అవతలి వారికి స్థిరమైన అడ్రస్ ఉంటే తప్పకుండా నింపండి. పేరు గడిలో టెస్ట్ అని వదిలేయకుండా ఎవరి కోసం, ఏ తేదీ వరకు అన్నది రాయండి. యూపీఎన్‌పీ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఇంట్లో ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండా తనంతట తానే పోర్టు తెరిపించుకోగలదు.

పరీక్ష మొబైల్ డేటా మీద చేయండి, ఫోనులో వైఫై కట్టేసి. ఇంట్లో వైఫై మీద ఉండి బయటి అడ్రస్ కొడితే చాలా మోడెమ్‌లు పలకవు, పని చేయడం లేదనుకుని మళ్లీ అనవసరంగా ఇంకేదో తెరుస్తారు. మొదటి వారం రోజులు డీవీఆర్ లాగ్ చూస్తూ ఉండండి.

లాగ్‌లో తెలియని లాగిన్ కనబడితే ముందు డీవీఆర్ నెట్‌వర్క్ వైరు పీకండి. తరవాత మోడెమ్‌లో నియమం తీసేయండి. డీవీఆర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, ఫర్మ్‌వేర్ వేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, తెలియని యూజర్ ఎవరైనా మిగిలి ఉన్నారేమో చూడండి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోతుందనుకోవద్దు. మిరాయ్ వంటిది పరికరాన్ని ఆపి ఆన్ చేస్తే నిజంగానే చెరిగిపోతుంది కానీ, పాస్‌వర్డ్ పాతదే అయితే నిమిషాల్లో తిరిగి వస్తుంది. డబ్బు పోయినా, కెమెరా దృశ్యాలతో ఎవరైనా బెదిరించినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పెద్దనాన్న గారింట్లో ఆ రోజే మూడు నియమాలూ తీసేసి, చేతిలో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వైర్‌గార్డ్ పెట్టాను. హాల్లో కెమెరాను వీధి గుమ్మం వైపు తిప్పాం. ఇప్పుడు ఆ లాగ్‌లో రోజుకు రెండే పంక్తులు: సాయంత్రం ఆరు దాటాక ఒకటి, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒకటి. అక్క నిద్ర లేచాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చూసుకుంటుంది.